కాయిన్లు పడ్డాయి సరే, పిల్లాడికి ఏం అర్థమైంది?

(ప్రాథమిక తరగతుల పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం, అక్షర రూపంలో)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంటి పనులన్నీ పక్కన పెట్టి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

మీలో చాలామంది ఫోన్లలో ఇప్పుడు ఒక రివార్డ్ యాప్ ఉంది. పేర్లు వేరు, రంగులు వేరు, లోపలి సరుకు మాత్రం ఒకటే. పళ్లు తోముకుంటే 5 కాయిన్లు, దుప్పటి మడతపెడితే 10, హోమ్‌వర్క్ చెప్పించుకోకుండా చేస్తే 20. వంద కాయిన్లయితే అరగంట టీవీ, ఐదొందలైతే ఒక బొమ్మ. అమ్మ ఫోన్లో పెద్దవాళ్ల అకౌంట్ ఉంటుంది, ట్యాబ్‌లో పిల్లాడి అకౌంట్ ఉంటుంది. పని అయిపోగానే వాడు టిక్ కొడతాడు, మీరు అప్రూవ్ నొక్కుతారు, టింగ్‌మని శబ్దం వచ్చి తెర మీద కాయిన్లు రాలతాయి.

ఎందుకండీ ఇది అని అడిగితే ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే. "ఏం చేస్తే ఏమవుతుందో పిల్లలకి తెలియాలి కదండీ." చాలా మంచి ఉద్దేశం. నేను మాట ఆలస్యమైన పిల్లలతో, ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లలతో పనిచేస్తాను. నా బల్ల మీద టోకెన్ బోర్డు ఎప్పుడూ ఉంటుంది, ఐదు చుక్కలు అంటించుకుంటే బుడగలు ఊదుకోవచ్చు, అలాంటిది. కాబట్టి బహుమతులు వద్దు అని చెప్పడానికి నేను రాలేదు. ఈ యాప్ పిల్లలకు కార్యకారణ సంబంధం నేర్పుతుంది, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. అది నేర్పే సంబంధమూ, మీరు నేర్పుతున్నాననుకుంటున్న సంబంధమూ ఒకటేనా అన్నది చూసుకోండి అని చెప్పడానికి వచ్చాను.

పళ్లు తోముకోవడమే తీసుకుందాం. ఆరేళ్ల పాప వాష్‌బేసిన్ ముందు స్టూలెక్కి నిలబడింది. ట్యాబ్‌ని కుళాయి పక్కన ఆనించి పెట్టుకుంది. తెర మీద రెండు నిమిషాల టైమర్ తిరుగుతోంది. బ్రష్ ముందు నాలుగు పళ్ల మీదే అటూ ఇటూ ఆడుతోంది, వెనక దంతాల దాకా వెళ్లడం లేదు, కళ్లు మాత్రం టైమర్ మీదే ఉన్నాయి. టైమర్ ఆగగానే నురగ ఉమ్మేసి, తడి వేలితో టిక్ కొట్టింది, తడికి అది పడలేదు, గౌనుకి వేలు తుడుచుకుని మళ్లీ కొట్టింది. కాయిన్లు పడ్డాయి. మర్నాడు రాత్రి ట్యాబ్‌లో ఛార్జింగ్ లేదు. "ఛార్జింగ్ అయ్యాక తోముకుంటానమ్మా" అంది.

వాళ్లమ్మకి కోపం వచ్చింది, సహజమే. కానీ పాప తప్పేమీ లేదు, దానికి చెప్పిన పాఠం అది బ్రహ్మాండంగా నేర్చుకుంది. బ్రష్ తిప్పితే కాయిన్లు పడతాయి, ట్యాబ్ లేకపోతే కాయిన్లు పడవు, కాబట్టి ట్యాబ్ లేనప్పుడు బ్రష్ దేనికి? తీపి తిన్నాక పళ్ల సందుల్లో మిగిలినదాన్ని బ్యాక్టీరియా తిని ఆమ్లం తయారు చేస్తుందని, ఆ ఆమ్లం పంటి పైపొరను కొద్దికొద్దిగా కరిగిస్తుందని, నెలలు గడిచాక అక్కడ నల్లటి గుంట పడుతుందని... ఈ అసలు సంబంధం ఆ పాప ఉన్న గదిలో ఎక్కడా లేదు. ఆ ఫలితం నెలల దూరంలో ఉంది, కాయిన్ ఒక్క సెకను దూరంలో ఉంది. పిల్లల బుర్ర దేన్ని పట్టుకుంటుందో వేరే చెప్పాలా?

ఇందులో కొత్తేమీ లేదు. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, పిల్లుల్ని చెక్కపెట్టెల్లో పెట్టి బయట తిండి పెట్టాడు. లోపల ఒక తాడో మీటో ఉంటుంది, అది లాగితే తలుపు తెరుచుకుంటుంది. మొదట్లో పిల్లి గీరుతుంది, కొరుకుతుంది, ఎప్పుడో అనుకోకుండా కాలు తగిలి తలుపు తెరుచుకుంటుంది. మళ్లీ మళ్లీ పెడుతుంటే పట్టే సమయం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చివరికి పెట్టగానే వెళ్లి తాడు లాగేస్తుంది. సుఖాన్నిచ్చిన పని మళ్లీ జరుగుతుంది అని ఆయన చెప్పిన సూత్రం మీదే ఈ యాప్‌లన్నీ నిలబడి ఉన్నాయి. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ తాడుకీ తలుపుకీ మధ్య ఏ యంత్రం ఎలా పనిచేస్తోందో పిల్లికి తెలియాల్సిన అవసరమే లేదు. తెలియకుండానే పని జరిగిపోతుంది. మన పిల్లల దగ్గర మనం కోరుకునేది మాత్రం ఎందుకో తెలిసి చేయడం.

మనుషుల పిల్లలు ఈ విషయంలో ఎంత చురుగ్గా ఉంటారంటే, మూడు నెలల పసికందుకి కూడా తెలుస్తుంది. 1969లో క్యారలిన్ రోవీ అనే మనస్తత్వవేత్త ఉయ్యాల మీద వేలాడే బొమ్మల గుత్తికి ఒక రిబ్బన్ కట్టి, రెండో కొసని పసిబిడ్డ చీలమండకి కట్టింది. బిడ్డ కాలు ఆడిస్తే పైన బొమ్మలు ఊగుతాయి. కొద్ది నిమిషాల్లోనే బిడ్డ కాలు తన్నడం జోరు పెంచేసింది. నా కాలు ఆడితే అది ఊగుతోంది అని పట్టేసుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, స్టార్ ఇవ్వలేదు. బొమ్మ ఊగడమే దానికి చాలు. ఇది గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పసిపిల్లల దగ్గర ఫలితం ఆలస్యమైతే ఆ ముడి పడదు. 1971లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, పిల్లలు నోటితో శబ్దం చేసినప్పుడల్లా వెంటనే నవ్వి పలకరించి చూశారు, శబ్దాలు పెరిగాయి. మూడు సెకన్లు ఆగి పలకరించి చూశారు, పెరగలేదు. మూడంటే మూడు సెకన్లు! నా దగ్గరకొచ్చే చిన్నపిల్లలకి మేం వాడే ట్యాబ్ ఆటలు, వేలు పెడితే బుడగ పగులుతుంది, ఇంకోచోట పెడితే కప్ప అరుస్తుంది, అలాంటి వాటికి పాత ట్యాబ్ పనికిరాదని నేను పట్టుపట్టేది ఇందుకే. వేలు పెట్టాక అది ఆలోచించుకుని కప్పని అరిపించేలోపు బిడ్డ చూపు కిటికీ మీదకి పోతుంది, వేలికీ కప్పకీ సంబంధం తెగిపోతుంది.

మీ పిల్లలు పెద్దవాళ్లే, మాటలొచ్చాయి, మూడు సెకన్లకే తెగిపోదు. కానీ ఇళ్లలో జరిగేది ఏమిటి? పిల్లాడు పొద్దున ఏడింటికి దుప్పటి మడతపెట్టి టిక్ కొడతాడు. నాన్న నైట్ షిఫ్ట్ చేసి నిద్రపోతుంటాడు, అమ్మ ఆఫీసు బస్సులో ఉంటుంది. రాత్రి పదింటికి ఖాళీ దొరికినప్పుడు నాన్న ఫోన్ తీసి, పెండింగులో ఉన్నవన్నీ ఒకేసారి వరసగా అప్రూవ్ కొట్టేస్తాడు. సరిగ్గా ఆ నిమిషానికి పిల్లాడు చెల్లెలి జుట్టు పట్టుకుని గుంజుతుంటాడు. టింగ్, టింగ్, టింగ్. అందుకే ఒక మాట, అప్పటికప్పుడు అప్రూవ్ చేయలేకపోతే కాయిన్ వేసేటప్పుడు నోటితో చెప్పండి, "పొద్దున నేను లేవకముందే దుప్పటి మడతపెట్టావు కదరా, ఇది దానికి" అని. తెగిన దారాన్ని మాట కలుపుతుంది. యాప్‌కి ఆ మాట రాదు, మీకే వస్తుంది.

సరే, మరి ఇది ఎక్కడ పనికొస్తుంది? మేలు చాలా దూరంలో ఉండి, పని ఇప్పుడు ఇష్టం లేకుండా ఉండి, అయినా చేయక తప్పనిచోట పనికొస్తుంది. నాకు తెలిసిన వాటిలో అన్నిటికన్నా మంచి ఉదాహరణ లేజీ ఐ ఉన్న పిల్లలు. ఒక కన్ను సరిగా చూడటం నేర్చుకోలేదు, దానికి పని చెప్పాలంటే బాగున్న కంటికి ప్యాచ్ వేయాలి, రోజుకి రెండు గంటలో ఆరు గంటలో డాక్టరు చెప్పినంతసేపు, వారాలూ నెలలూ. ఐదేళ్ల పిల్లాడి వైపు నుంచి చూడండి. బాగా కనబడే కన్ను మూసేశారు, మసకగా కనబడే కంటితో తిరగమంటున్నారు, స్కూల్లో పిల్లలు అదేంటి అని అడుగుతున్నారు. నీకు ముందుముందు చూపు బాగుంటుంది అంటే ఆ ముందుముందు అనేది వాడి క్యాలెండర్లో లేదు. పైగా ఈ వైద్యం పెద్దయ్యాక చేద్దాంలే అంటే కుదరదు, చిన్నప్పుడే ఫలితం బాగుంటుంది. అలాంటి చోట స్టిక్కర్లు వాడండి, కాయిన్లు వాడండి, యాప్ వాడండి, ఏ మొహమాటమూ అక్కర్లేదు. ఇన్‌హేలర్ వేసుకోవడం, నోటికి చేయించే స్పీచ్ ఎక్సర్‌సైజులు, పక్క తడపకుండా రాత్రి లేవడం, ఇవన్నీ ఆ కోవలోవే. 1960లలో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక మానసిక వైద్యశాలలో ఐలాన్, ఏజ్రిన్ అనే ఇద్దరు ఈ టోకెన్ పద్ధతిని ఒక క్రమంలో పెట్టారు. ఏళ్ల తరబడి ఆస్పత్రిలోనే ఉండిపోయిన రోగులు కూడా వార్డులో పనులు చేసి టోకెన్లు సంపాదించుకున్నారు. ఇవాళ మీ ఫోన్లో ఉన్నది దాని మనవడో మునిమనవడో.

అయితే ఇది స్లాబ్‌కి కొట్టే సెంట్రింగ్ లాంటిది. కాంక్రీటు గట్టిపడేదాకా కర్రలు ఉండాలి, తొందరపడి లాగేస్తే స్లాబ్ కూలుతుంది. అలాగని గృహప్రవేశం అయ్యాక కూడా హాల్లో కర్రలు ఉంచుకోం కదా. నేను చూసిన ఇళ్లలో చాలావాటికి కర్రలు ఎప్పుడు తీయాలి అన్న ఆలోచనే లేదు. యాప్ చేసినవాళ్లు ఆ ఆలోచన మీకు ఇవ్వరు, మీరు తీసేస్తే వాళ్ల వ్యాపారం పోతుంది. అందుకే మొదలుపెట్టే రోజే కాగితం మీద రాసుకోండి, ఏ పనికి, ఎన్నాళ్లు, ఎలా తగ్గిస్తాం అని.

ఇప్పుడు ఎక్కడ వాడకూడదో చెప్తాను, నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోని నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు. ముందు కొన్నాళ్లు గమనించి, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఎవరికి తమంతట తామే ఇష్టమో వాళ్లనే ఎంచుకున్నారు. 51 మంది. వాళ్లని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి, బొమ్మ వేస్తే నీకు బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం అని ముందే చెప్పి, వేయించి, ఇచ్చారు. రెండో జట్టుకి ముందు ఏమీ చెప్పకుండా బొమ్మ వేయించి, అయ్యాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మూడో జట్టుకి ఏమీ లేదు, వేయించుకుని పంపేశారు. వారం రెండు వారాలు గడిచాక, తరగతిలో ఎప్పటిలాగే స్కెచ్ పెన్నులు పెట్టి, ఎవరూ ఏమీ చెప్పకుండా దూరం నుంచి చూశారు. ముందే మాట తీసుకుని బహుమతి పుచ్చుకున్న పిల్లలు ఆ పెన్నులతో గడిపిన సమయం మిగతా రెండు జట్లు గడిపిన దాంట్లో సుమారు సగం. మొదట్లో అందరికీ ఇష్టమే, ఎంచుకున్నదే ఆ ఇష్టం చూసి! ఒక్క సర్టిఫికెట్‌తో అది సగానికి వచ్చింది. అనుకోకుండా అందుకున్న పిల్లలకి మాత్రం ఏమీ తగ్గలేదు, అంటే తేడా బహుమతిలో లేదు, "ఇది చేస్తే అది ఇస్తా" అన్న బేరంలో ఉంది.

పిల్లాడి మనసులో ఏం జరిగి ఉంటుంది? నేను బొమ్మలు ఎందుకు వేస్తున్నాను అన్న ప్రశ్నకి అంతకుముందు వాడి దగ్గరున్న సమాధానం, బాగుంటుంది కాబట్టి. బేరం జరిగాక సమాధానం మారింది, సర్టిఫికెట్ వస్తుంది కాబట్టి. ఇది కూడా కార్యకారణమే, తన పని గురించి తనే వేసుకున్న కార్యకారణం. మనం బయటి నుంచి ఒక కారణం అంటిస్తే లోపలున్న కారణం పక్కకి తప్పుకుంటుంది.

దీని మీద పెద్ద పెద్ద వాదనలే జరిగాయి. 1994లో ఒక బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, అంత భయపడాల్సింది లేదు అంది. 1999లో డెసీ, కోస్ట్‌నర్, రయన్ అనే ముగ్గురు పరిశోధకులు 128 అధ్యయనాల్ని మళ్లీ లెక్కగట్టి, ఇష్టంగా చేసే పనులకి ముందే చెప్పి ఇచ్చే వస్తు బహుమతులు ఆ ఇష్టాన్ని తగ్గిస్తాయనే తేల్చారు, మెచ్చుకోలు మాటల వల్ల ఆ నష్టం వాళ్లకి కనబడలేదు. మొదటి నుంచీ ఇష్టం లేని పనుల దగ్గర ఈ భయం లేదు, లేని ఇష్టం తగ్గేదేముంది. అందుకే ప్యాచ్‌కి కాయిన్లు ఇవ్వండి అని ఇందాక అంత ధైర్యంగా చెప్పాను.

ఇంకొకటి, ఇది మన ఇళ్లకి మరీ దగ్గరగా వస్తుంది. 2008లో వార్నికెన్, టొమసెల్లో అని ఇద్దరు 20 నెలల పిల్లల్ని పరీక్షించారు. పెద్దమనిషి చేతిలోంచి వస్తువు జారి కింద పడితే, అందక చేయి చాపుతుంటే, ఆ వయసు పిల్లలు వాళ్లంతట వాళ్లే తీసి ఇస్తారు. కొందరికి అలా ఇచ్చినప్పుడల్లా ఒక ఆట వస్తువు బహుమతిగా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత బహుమతి ఆపేసి చూస్తే, అంతకుముందు బహుమతి తీసుకున్న పిల్లలు సాయం చేయడం తగ్గించేశారు. ఏమీ తీసుకోని పిల్లలు ఎప్పటిలాగే తీసి ఇచ్చారు. ఏడాదీ ఎనిమిది నెలల పిల్లలండీ!

ఒక ఇంట్లో యాప్ తెరిచి చూపిస్తే అందులో ఇలా ఉంది: నానమ్మకి మంచినీళ్లు తెచ్చిస్తే 5 కాయిన్లు. దయచేసి, మీ యాప్‌లో అలాంటి లైను ఉంటే ఇంటికి వెళ్లగానే తీసేయండి. నానమ్మకి దాహమేసింది, నీళ్లిస్తే దాహం తీరింది, "చల్లగా ఉండు నాయనా" అని తల నిమిరింది. కారణం, కార్యం రెండూ అక్కడే కళ్లముందు నిండుగా ఉన్నాయి. దాని మీద ఐదు కాయిన్లు వేస్తే రేపు నానమ్మ అడిగినప్పుడు వాడు ముందు ట్యాబ్ వైపు చూస్తాడు.

ఇక యాప్‌ల లోపల పెట్టే కొన్ని హంగుల గురించి చెప్పాలి. స్పిన్ వీల్, మిస్టరీ బాక్స్. పని అయ్యాక చక్రం తిప్పితే ఒకసారి 2 కాయిన్లు, ఒకసారి 50, ఒకసారి సున్నా. పేమెంట్ యాప్‌లలో స్క్రాచ్ కార్డు గీకిన అనుభవం మనందరికీ ఉంది, ఎక్కువసార్లు బెటర్ లక్ నెక్స్ట్ టైమ్ అని వచ్చినా వేలు మళ్లీ వెళ్తుంది. 1957 నాటికే ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే మనస్తత్వవేత్తలు పావురాల మీద ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు అచ్చయ్యాయి. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియకుండా పెడితే పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది, గింజలు ఆపేసినా చాలాసేపటిదాకా మానదు. జూదంలో మనిషి లేవలేకపోవడానికి ఒక కారణం ఇదే. పిల్లాడు యాప్ వదలకుండా ఉండాలంటే ఇది భేషైన పద్ధతి. కానీ మనం మొదలుపెట్టింది ఏం చేస్తే ఏమవుతుందో తెలియాలని కదా? ఒకే పనికి ఇవాళ 50, రేపు సున్నా వస్తే వాడు నేర్చుకునేది ఏమిటి, ఎంత చేశాను అన్నదానికీ ఏం వచ్చింది అన్నదానికీ సంబంధం లేదని, అంతా అదృష్టమని. మీరు నేర్పాలనుకున్న దానికి పూర్తిగా ఎదురు పాఠం. చక్రం ఉన్న యాప్ అయితే సెట్టింగ్స్‌లో ఆపేయండి, ఆపడానికి వీల్లేకపోతే ఆ యాప్ తీసేయండి.

స్ట్రీక్ కూడా అంతే, వరసగా ఇన్ని రోజులు చేశావు అని చూపించే నిప్పు గుర్తు. పిల్లాడికి వైరల్ జ్వరం వస్తుంది, మూడు రోజులు లేవలేడు, లేచి చూసేసరికి 40 రోజుల స్ట్రీక్ సున్నా. ఒక పాప దీనికి పడిన టెన్షన్ నేను చూశాను, 102 జ్వరంలో లేచి హిందీ అక్షరాలు దిద్దుతానని ఏడ్చింది. జ్వరం రావడం దాని తప్పు కాదు, 40 రోజులు దిద్దిన చేయి దిద్దిన చేయే, ఆ నేర్పు ఎక్కడికీ పోలేదు, కానీ యాప్ సున్నా అంటోంది. పెద్దవాళ్లు భాషలు నేర్చుకునే డుయోలింగో లాంటి యాప్‌లలోనే స్ట్రీక్ ఫ్రీజ్ అని ఒకటి పెట్టాల్సి వచ్చింది, మరి ఆరేళ్ల పిల్లకి ఆ వెసులుబాటు ఎంత అవసరమో ఆలోచించండి.

తర్వాత జరిమానాలు. అబద్ధం చెప్తే మైనస్ 10, తమ్ముణ్ణి కొడితే మైనస్ 20. ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్లో పది డే కేర్ సెంటర్లలో గ్నీజీ, రుస్టికీని అనే ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని కొన్ని సెంటర్లలో జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గాలి కదా, పెరిగాయి, దాదాపు రెట్టింపు. అంతకుముందు ఆలస్యమైతే టీచరు ముందు సిగ్గుపడేవాళ్లు, ఇప్పుడు డబ్బు కట్టేస్తున్నాం కదా అనుకున్నారు. జరిమానా తీసేసినా పాత పరిస్థితి తిరిగి రాలేదు. పిల్లలు మనకంటే త్వరగా ఈ లెక్క వేస్తారు. మూడో తరగతి అబ్బాయి ఒకడు, "నా దగ్గర 200 ఉన్నాయి, ఇవాళ హోమ్‌వర్క్ మానేసినా 180 ఉంటాయి" అని వాళ్లమ్మకి చాలా మర్యాదగా వివరించాడు. తమ్ముణ్ణి కొడితే తమ్ముడికి నొప్పి పుడుతుంది, వాడు ఇక ఆటకి రాడు, ఇదీ అసలు ఫలితం. దాని మీద మైనస్ 20 అని స్టిక్కర్ వేస్తే తమ్ముడి ఏడుపుకి ఒక ధర కట్టినట్టే. మైనస్‌లు వద్దు. కూర్చోబెట్టి తమ్ముడి మొహం చూపించండి.

అమెరికాలో మనవళ్లున్న తాతయ్యలు, నానమ్మలు కూడా వచ్చినట్టున్నారు. వీడియో కాల్‌లో "తాతా, నాకివాళ డోజో పాయింట్స్ వచ్చాయి" అని వినే ఉంటారు. క్లాస్‌డోజో అని 2011లో మొదలైన యాప్, తరగతిలో ఒక్కో పిల్లకి ఒక చిన్న రాకాసి బొమ్మ ఉంటుంది, టీచరు పాయింట్లు వేస్తారు, కావాలంటే తీస్తారు కూడా. అలాంటప్పుడు ఎన్ని వచ్చాయి అని అడక్కండి, ఏం చేశావు నాన్నా అని అడగండి, వాడు చెప్పేదంతా వినండి. అంత దూరం నుంచి మీరు చేయగలిగిన మంచి పని అది.

మరి నిజంగా కార్యకారణం నేర్పాలంటే ఏం చేయాలి? ఇంట్లో చేయదగ్గది ఒకటి చెప్తాను, నాకు చాలా ఇష్టమైనది. మూడు స్టీలు గ్లాసులు తీసుకోండి. కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు మూడింట్లోనూ పోయండి. మొదటి గ్లాసులో అర చెంచా పెరుగు తోడు వేసి కలపమనండి, పిల్లే కలపాలి, మీరు కాదు. రెండో గ్లాసులో ఏమీ వేయొద్దు. మూడో దాంట్లో తోడు వేసి ఫ్రిజ్‌లో పెట్టమనండి. మొదటి రెండూ గట్టు మీద పక్కపక్కనే మూతపెట్టి ఉంచండి. పడుకునే ముందు అడగండి, పొద్దున ఏ గ్లాసు ఎలా ఉంటుంది? ఏదో ఒకటి చెప్పనివ్వండి, సరిదిద్దకండి. పొద్దున లేచి వాళ్లే మూతలు తీసి, గ్లాసు కొంచెం వంచి చూస్తారు, ఒకటి కదలకుండా గట్టిగా ఉంటుంది, రెండూ మూడూ పాలలాగే జారతాయి. తోడు వేసినా ఫ్రిజ్‌లోది ఎందుకు తోడుకోలేదు? ఇక్కడ మీరు మాట్లాడకండి, వాళ్లు తల గోక్కోనివ్వండి. ఒక పిల్ల "దానికి చలేసింది" అంది, అంతకంటే మంచి సమాధానం నాకు తెలియదు, పెరుగులో ఉండే బ్యాక్టీరియాకి ఆ చలిలో పని సాగదు. ఇంకో పిల్లాడు ఫ్రిజ్‌లోది తీసి బయటపెట్టి సాయంత్రం చూస్తానన్నాడు, చెప్పకుండానే రెండో ప్రయోగం మొదలైంది. మండు వేసవిలో మాత్రం తోడు వేయని గ్లాసు పాలు పాడైపోవచ్చు, మొదటిసారి ఆ రోజుల్లో చేయకండి.

ఇందులో కాయిన్ లేదు. ఫలితం రాత్రంతా దూరంలో ఉంది, అయినా పిల్లలు పొద్దున్నే లేవగానే వంటింట్లోకి పరిగెత్తారు. పసిబిడ్డ కాలికి కట్టిన రిబ్బన్ గురించి ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఇది అదే. 2000లో అలిసన్ గాప్నిక్, డేవిడ్ సోబెల్ అనే పరిశోధకులు ఒక పెట్టెతో ప్రయోగం చేశారు, కొన్ని దిమ్మెలు దాని మీద పెడితే వెలిగి పాట వస్తుంది, కొన్ని పెడితే రాదు. రెండు మూడేళ్ల పిల్లలు కూడా ఏ దిమ్మెకి ఆ శక్తి ఉందో చూసి పట్టేసుకున్నారు. తెలుసుకోవడం అనే కోరిక వాళ్లకి పుట్టుకతో వచ్చింది, మనం దానికి రేటు కట్టక్కర్లేదు.

యాప్‌ని పూర్తిగా తీసేయడం ఇష్టం లేకపోతే దాన్ని నోటు పుస్తకంలా వాడండి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి ఇది బాగా కుదురుతుంది. కాయిన్లు సున్నా చేసి, రోజూ రెండే రాసుకోమనండి, రాత్రి ఎన్నింటికి పడుకున్నాను, పొద్దున లేచినప్పుడు ఎలా ఉంది. రెండు మూడు వారాల తర్వాత ఇద్దరూ కూర్చుని చూడండి. పదకొండింటికి పడుకున్న రోజుల పక్కన "చిరాకు", "బస్సు మిస్సయింది" అని వాళ్ల రాతలోనే కనబడుతుంది. మీరు వందసార్లు చెప్పినా వినని సంగతి వాళ్లు రాసుకున్నదే వాళ్లకి చెప్తుంది.

యాప్ వేసుకునే ముందు అది పిల్లాడి గురించి ఏమేం పోగు చేస్తుందో కూడా చూడండి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందర్నీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది, పిల్లల్ని వెంటాడి చూపించే ప్రకటనలు కూడదంటుంది. మీ పిల్లాడు ఎన్నిసార్లు పక్క తడిపాడో, ఎన్నిసార్లు కోపంతో వస్తువులు విసిరాడో ఏదో కంపెనీ సర్వర్‌లో ఎందుకుండాలి? ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చార్టు పేపరు కూడా ఇదే పని చేస్తుంది.

ప్రశ్నలు అడగండి.

అమ్మా, మీరు అడిగింది అందరికీ వినబడలేదు, నేను చెప్తాను. ఏడాదిగా వాడుతున్నారట, ఇప్పుడు ఆపేస్తే బాబు పనులన్నీ మానేస్తాడేమోనని భయం. ఒక్కసారిగా ఆపకండి. ముందు, అలవాటైపోయిన పని ఒక్కటి ఎంచుకోండి, పళ్లే అనుకోండి. ఇది నీకు వచ్చేసింది, దీనికి ఇక టిక్ అక్కర్లేదు అని గొప్పగా చెప్పి జాబితాలోంచి వాడి చేతే తీయించండి. మిగతావి అలాగే ఉంచండి. కొన్ని వారాలు చూసి ఇంకొకటి. మధ్యలో ఒకటి రెండు రోజులు మానేస్తే కంగారుపడి మళ్లీ కాయిన్లు పెట్టకండి. డెంటిస్టు దగ్గరకి తీసుకెళ్లినప్పుడు అద్దంలో వాడి పళ్లు వాడికే చూపించమని అడగండి.

వెనకాల ఉన్న నాన్నగారు... తాతయ్య చాటుగా అన్నీ అప్రూవ్ చేసేస్తున్నారు, పని చేయకపోయినా. తాతయ్య మీద కోప్పడకండి. ఆయన మనవణ్ణి సంతోషపెట్టాలనుకుంటున్నారు, అది ఆయన హక్కు. కాయిన్లు ఆయన చేతిలోంచి తీసుకుని, ఆయనకి వేరే పని ఇవ్వండి, కథ చెప్పడం, సాయంత్రం పార్కుకి తీసుకెళ్లడం. అవి ఏ పనికీ ముడిపెట్టకుండా ఊరికే దొరకాలి. పిల్లాడి జీవితంలో ఏం చేసినా చేయకపోయినా దొరికేవి కొన్ని ఉండి తీరాలి. యాప్ దగ్గర మాత్రం చేసిన దానికే కాయిన్ అని ఆయనకి వివరంగా చెప్తే అర్థం చేసుకుంటారు.

చివరి ప్రశ్న. పరీక్షల్లో 90 శాతం వస్తే సైకిల్ కొంటానని మాట ఇచ్చారు, అది సరైనదేనా అని. మాట ఇచ్చారు కాబట్టి ఈసారికి నిలబెట్టుకోండి, లేకపోతే మీ మాటకీ మీ చేతకీ సంబంధం లేదని నేర్చుకుంటాడు. వచ్చేసారి మాత్రం మార్కులకి ముడిపెట్టకండి. ప్రశ్నపత్రం వాడి చేతిలో లేదు, దిద్దేవాళ్లు వాడి చేతిలో లేరు, 89 వస్తే ఏం చేయాలో మీకూ తెలియదు. రోజూ సాయంత్రం అరగంట లెక్కలు చేయడం వాడి చేతిలో ఉంది, దాని గురించి మాట్లాడండి, ఏ లెక్క నిన్న రాలేదు, ఇవాళ ఎలా వచ్చింది అని అడగండి. సైకిల్ కొనాలని ఉంటే పుట్టినరోజుకి కొనండి.